ఈశాన్యం మూల ఎర్తింగు గుంత

మా కొత్త ఇంటికి కరెంటు రావాలంటే ముందు నేను రోజూ నేలకు నీళ్లు పోయాలన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చినవాడు టెస్టర్ మామ. ఆ రోజుల్లో కరెంటు ఇప్పటిలా అడగ్గానే ఇంట్లోకి వచ్చేది కాదు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లలా ముందు ఇల్లూ వాకిలీ చూసుకుని, గోడలో తీగలు సరిగ్గా ఉన్నాయా, మెయిన్ బోర్డు పిల్లలకు అందకుండా ఉందా, భూమిలోకి దారి ఉందా అని అన్నీ విచారించుకుని, మనసు కుదిరితేనే వచ్చేది. ఎనభైల చివర్లో హైదరాబాదులో నాచారం దాటాక ఉప్పల్ వైపు విసిరేసినట్టు లేచిన ఇళ్లలో మాది ఒకటి. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఇంత ఖాళీ జాగా. గోడలకు స్విచ్చులు బిగించి ఉండేవి. నేను వచ్చిన కొత్తలో వాటిని ఊరికే నొక్కి చూసేదాన్ని. ఏమీ వెలిగేది కాదు గాని ఆ టక్కుమన్న చప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అనిపించేది.

టెస్టర్ మామ మా ఇంటికి తీగలు లాగిన వైర్‌మన్. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉండేది కాబట్టి ఆ పేరు. ఆయన చేతిసంచిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పాత పుస్తకం ఒకటి ఉండేది. కరెంటు రూల్సు. అది ఇంగ్లీషులో ఉంది, ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఏ మాట మాట్లాడినా ఆ సంచిని ఓసారి తట్టి మాట్లాడేవాడు. "గివి నా రూల్స్ కావు బిడ్డా. దిల్లీల రాసిన్రు. కశ్మీర్ల గివే, కన్యాకుమారిల గివే, మన నాచారంల గివే. ఎర్త్ మంచిగ లేకుంటే కరెంటాఫీసు సారు కలం ముట్టడు. సారు కలం ముట్టకుంటే నీకు కరెంట్ రాదు" అన్నాడు. "ఎర్త్ అంటే ఏమిటండీ బాబాయిగారూ?" అన్నాను. "కరెంట్ ఎన్నడన్న బాట తప్పిందనుకో, మనిషిని ముట్టకుంట సక్కగ భూమిలకు పోవాలె. గా బాటనే ఎర్త్. గిది మొరం నేల, తడి నిలువది. రోజు పొద్దుగాల రెండు బిందెలు పొయ్యి. అమాసకు అమాసకు ఇంత దొడ్డుప్పు వెయ్యి. మర్శిపోకు" అన్నాడు. (అమావాస్య సంగతి దిల్లీ వాళ్లు రాసింది కాదనీ, నెలకోసారి అని చెబితే ఆడవాళ్లకు గుర్తుండదని తాను కలుపుకున్నదేననీ తరువాత ఒప్పుకున్నాడు.)

గుంత ఈశాన్యం మూల తవ్వాడు. ఆ మూల కాస్త నీడ ఉంటుంది, తడి ఆరదు, అంతే కారణం. లోతుగా తవ్వి, ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేసి పూడ్చి, గొట్టం మూతికి నీళ్లు పోయడానికి గరాటు పెట్టాడు. దాని చుట్టూ జానెడు ఎత్తున ఇటుకలతో చిన్న గూడు కట్టాడు. గొట్టం మెడకు ఇనుప తీగ చుట్టి మెయిన్ బోర్డు దాకా లాగి, "ఇప్పటికి గిట్ల సుట్టిన. సారు వచ్చే దినం గట్టిగ బోల్టు బిగిస్త" అన్నాడు. గోడలకు వేయగా మిగిలిన సున్నం బకెట్టు అడుగున ఉంటే పారబోయడం ఎందుకని నేను ఆ గూటికి పూశాను. కొత్తగా ఏది కట్టినా, ఏది కొన్నా ముందు ఇంత పసుపు, కుంకుమ పెట్టడం మా ఇంటి అలవాటు. కుట్టుమిషనుకు పెట్టాం, రోలుకు పెట్టాం. దీనికీ పెట్టాను. తప్పంతా అక్కడే మొదలైంది గాని, అప్పుడు నాకు అది తప్పులా కనిపించలేదు.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. గోదావరి జిల్లాలో ఓ మూల పల్లె మాది. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారే రోజూ పూజ అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఆయన చలవ వల్ల నేను పైవాడిని తలచుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేను. మా ఆయన నాచారంలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే చోట పని. తయారైన వాటిని ఊళ్లకు తీసుకెళ్లి బిగించి రావడం ఆయన వంతు. నెలలో ఇరవై రోజులు క్యాంపు. (ఊళ్లన్నిటికీ వెలుతురు ఇచ్చి వచ్చే మనిషి ఇంట్లో భార్య కిరసనాయిలు దీపం ముందు అన్నం తింటోందని ఆయన నవ్వుతూ చెప్పుకునేవారు. నాకు అంత నవ్వు వచ్చేది కాదు.) పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫ్యాక్టరీ సైరన్లు కూసేవి. కొన్ని రోజులు నన్ను పలకరించినవి అవి రెండే. సాయంత్రం వాకిట్లో నిలబడితే రామంతాపూర్ టీవీ టవరు మీద ఎర్ర దీపం కనిపించేది. అది ఆరి వెలిగినప్పుడల్లా ఎవరో నాకేసి చూసినట్టు ఉండేది. చూసి ఊరుకునేది, పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

చుట్టుపక్కల మనుషులు లేక కాదు. వీధి చివర బోరింగు దగ్గర పొద్దున్నే పదిహేను మంది ఆడవాళ్లు చేరేవాళ్లు. మొదటి రోజు నేను "మీరు ముందు పట్టుకోండి, పర్వాలేదండీ" అన్నాను. అందరూ ఒక్కసారి నవ్వారు. "అండీ అంటున్నదే!" అని ఒకావిడ ఇంకొకావిడ భుజం చరిచింది. వాళ్లు ఎగతాళికే అన్నారో ముచ్చటపడి అన్నారో నాకు తెలియలేదు. వాళ్ల మాట నాకు సగమే అర్థమయ్యేది, ఆ సగానికి ఏం జవాబు చెప్పాలో తోచేది కాదు. అందుకని నవ్వి, బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఇంటికొచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే ఆ గూటి దగ్గర నిలబడి నీళ్లు పోసేదాన్ని. ఊరికే పోయడం ఎందుకని స్తోత్రం చదువుకుంటూ పోసేదాన్ని. స్తోత్రం అయిపోయినా బిందెలో నీళ్లు అయ్యేవి కావు. ఆ మిగిలిన నీళ్ల సేపూ గొట్టంతో మాట్లాడేదాన్ని. ఇవాళ వంకాయ కూర అడుగంటింది, ఉత్తరం రాలేదు, వెన్నులో నొప్పిగా ఉంది, ఇలాంటివి. దానికి నేను చెప్పే మాటలు ఎక్కువై, రెండు బిందెలు నాలుగయ్యాయి.

ఎండాకాలంలో బోరింగు దగ్గర బిందె బిందెకూ లెక్క ఉంటుంది. ఒక్క మనిషి ఉండే ఇంటికి ఇన్ని నీళ్లెందుకని వాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక రోజు పొద్దున బిస్కెట్ల అక్క నా వెనకాలే వచ్చింది. నాచారం బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టే పని ఆవిడది. దగ్గరికి వస్తే చీర కొంగంతా బిస్కెట్ల వాసన. గేటు బయట నుంచే, "ఏందే చెల్లె, ఒక్కదానివి. గిన్ని నీళ్లు ఏం జేస్తున్నవ్? బియ్యం కడుగుతున్నవా, ఊరంత కడుగుతున్నవా?" అని పోట్లాటకు సిద్ధమై లోపలికి వచ్చింది. అప్పటికే నేను గూటి దగ్గర ఉన్నాను. సున్నం పూసిన ఇటుకలు, పసుపు, కుంకుమ, తడి జుట్టు, పెదాలు కదుపుతూ నేను. ఆవిడ అవన్నీ ఒకసారి చూసింది. తరువాత చెప్పులు విడిచి, చేయి నేలకు తాకించి కళ్లకద్దుకుంది. "అమ్మ ఉన్నదని ముందుగాల్నే జెప్పాలె గద చెల్లె!" అంది. నేను నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ నా చేతిలో బిందె అందుకుని మిగిలిన నీళ్లు తనే పోసేసింది. ఇంక నా నోరు మూతపడింది.

మర్నాడు బోరింగు దగ్గర నాకు దారి ఇచ్చారు. "జరగుండ్రి, అమ్మకు నీళ్లు" అని ఎవరో అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ అందరికన్నా ముందు బిందె నింపుకున్నాను. (నింపుకోకుండా ఉండి ఉంటే ఈ మాట ఇంకాస్త ధైర్యంగా రాసేదాన్ని.) మంగళవారం నలుగురు వచ్చారు. శుక్రవారం తొమ్మిది మంది. వేపాకులు తెచ్చారు, మల్లెలు తెచ్చారు. నీళ్లు పోసి ఊరికే వెళ్లిపోయేవాళ్లు కాదు, వాకిట్లో చాప వేస్తే కూర్చునేవాళ్లు. జొన్నరొట్టె చేతితో ఎలా తట్టాలో నేర్పారు. నేను తట్టినది చూసి, "చెల్లె, రొట్టె జేసినవా, ఇండియా మ్యాపు జేసినవా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నా నవ్వు నేను వినడం అదే మొదటిసారి. వాళ్ల మాట నాకు మెల్లగా పట్టుబడింది. ఒక రోజు నోరు జారి "గట్ల కాదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అయితే రాత్రి దేవుడి ముందు దీపం పెడితే చేతులు జోడించడానికి భయం వేసేది. నేను అది అమ్మవారని ఒక్కరికీ చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. వాళ్లు వస్తున్నది అమ్మ కోసం, నా కోసం కాదు. అది ఉత్త గుంత అని తెలిసిన రోజు ఆ చాప చుట్టి మూల పెట్టుకోవాలి. మళ్లీ సైరన్లు, టవరు మీద ఎర్ర దీపం, నేను. దేవుడికి అబద్ధం చెప్పిన పాపం ఒకవైపు, చాప మీద తొమ్మిది మంది ఇంకోవైపు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రతిసారీ చాపవైపే మొగ్గాను. సారు వచ్చేది ఇంకో పది రోజులకని టెస్టర్ మామ చెప్పిపోయినప్పుడు, కరెంటు వస్తోందని సంతోషించాల్సిందాన్ని, ఆయన ఆలస్యంగా వస్తే బాగుండునని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కుకున్నానో అడగకండి.

పదిరోజులూ గడిచిపోయాయి. ఆ రోజు మంగళవారమే పడింది. పొద్దున్నే టెస్టర్ మామ బోల్టు, పానా పట్టుకుని వచ్చాడు. వాకిలి నిండా ఆడవాళ్లు. వాళ్లను తప్పించుకుంటూ గూటి దగ్గరికి వెళ్లి వంగి చూసి, గుండెలు బాదుకున్నంత పని చేశాడు. "వైరేది? నా ఎర్త్ వైరేది?" గొట్టం మెడకు ఇనుప తీగ లేదు. దాని చోట పసుపు దారం ఉంది, ముచ్చటగా మూడు ముళ్లు వేసి. బిస్కెట్ల అక్క అత్తగారు, మేమందరం అవ్వ అని పిలిచే పెద్దావిడ, ముందుకొచ్చి, "నేనే ఇప్పిన. తల్లిని మేకను గట్టినట్టు ఇనుప తీగతోని కడ్తరా? సిగ్గుండాలె" అంది. తీగను చక్కగా చుట్ట చుట్టి గోడ పక్కన పెట్టింది కూడా. "అవ్వా, గది తల్లేంది, గది—" అని టెస్టర్ మామ మొదలుపెట్టాడు. ఆయన నోట వింటే వాళ్లు నన్ను ఇంకెప్పుడూ క్షమించరనిపించింది. ఎవరో తోసినట్టు ముందుకొచ్చాను.

"బాబాయిగారూ, నేను చెబుతాను" అని ఆడవాళ్లవైపు తిరిగాను. "ఇది అమ్మవారు కాదండీ. కరెంటు కోసం తవ్విన గుంత. లోపల బొగ్గు, ఉప్పు తప్ప ఏమీ లేవు. ఈ తీగ లేకపోతే కరెంటు దారి తప్పినప్పుడు మనిషికి తగులుతుంది. మొదటి రోజే చెప్పాల్సింది. చెబితే మీరు రారని చెప్పలేదు." ఒకావిడ మెల్లగా, "అంటే గుంతకా నేను మూరెడు మల్లెలు పెట్టింది?" అంది. "నేనైతే ఒక్కపొద్దు గూడ ఉన్న" అంది ఇంకొకావిడ. ఒకరి వెనక ఒకరు బిందెలు ఎత్తుకుని చూపు కలపకుండా వెళ్లిపోయారు. బిస్కెట్ల అక్క నావైపు ఒకసారి చూసి, డ్యూటీ వేళైందని తనూ వెళ్లిపోయింది. అవ్వ మాత్రం నడుము మీద చేయి పెట్టుకుని, "కాదంటే ఎట్లయితది? గిన్ని దినాలు మొక్కినంక గూడ కాకుంటదా?" అని టెస్టర్ మామనే నిలదీసింది. ఆయన సంచి తట్టాడు గాని, ఆ ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలో ఉన్నట్టు లేదు. పసుపు దారాన్ని జరిపి, తీగ పెట్టి బోల్టు బిగించాడు. దారం మాత్రం తెంపలేదు.

అంతలో సారు వచ్చారు. భుజాన పిడి తిప్పే మీటరు, చేతిలో నేలలో దిగేసే రెండు ఇనుప చీలలు. గూటి దగ్గరికి రాబోతుంటే అవ్వ అడ్డం నిలబడింది. "ఓ సారూ! బూట్లిడువు." సారు బిత్తరపోయారు. టెస్టర్ మామ పరుగున వచ్చి, "అవ్వా, కరెంట్ పనిల రబ్బరు బూట్లు ఇడువొద్దు. రూల్!" అన్నాడు. "అమ్మ ముంగట నీ రూలేంది?" "దిల్లీ రూలే!" "దిల్లీలగూడ అమ్మ ముంగట బూట్లిడుస్తరు!" సారు ఒంటికాలి మీద నిలబడి ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆవిడనీ చూస్తున్నారు. నాకు ఏం తోచిందో, లోపలికి వెళ్లి మా పూజ పీట తెచ్చి గూటి ముందు వేశాను. టెస్టర్ మామ ముఖం వెలిగిపోయింది. "ఎండిన కట్టె సార్, కరెంట్ పట్టది! రూలుకు రూలు, మర్యాదకు మర్యాద!" సారు బూట్లు విప్పి, బొటనవేలి దగ్గర చిల్లు పడిన మేజోళ్లతో పీట ఎక్కి, మీటరు పిడి తిప్పారు. అవ్వ చేతులు జోడించి నిలబడింది. సారు ముల్లు చూసి, మళ్లీ తిప్పి, మళ్లీ చూశారు. "ఈ ఎండల్లో, ఈ మొరంలో ఇంత మంచి ఎర్త్ నేను చూడలేదు. ఎంత నీళ్లు పోశారు?" అన్నారు. "రూల్ ప్రకారం సార్" అన్నాడు టెస్టర్ మామ, కళ్లార్పకుండా. సారు కాగితం మీద కలం పెట్టారు.

కరెంటు వస్తుందని తెలిసింది. ఇంట్లో మాత్రం ఎవరూ లేరు. మర్నాడు పొద్దున బోరింగు దగ్గర నేనే వరుసలో చివర నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది. ఆ రోజు గొట్టంతో మాట్లాడబోతే మాట రాలేదు, అది ఉత్త గొట్టమని నా నోటితో నేనే చెప్పేశాను కదా. శుక్రవారం చాప వేయలేదు. వేసి ఖాళీగా చూడలేక.

శనివారం మధ్యాహ్నం సైరను కూశాక గేటు చప్పుడైంది. బిస్కెట్ల అక్క. చేతిలో కాగితం పొట్లం, దాన్నిండా విరిగిన బిస్కెట్లు. గడప మీద కూర్చుని, "తిను. ఏడ్సి ఏడ్సి మొఖం సూడు, పీక్కపోయింది" అంది. "అక్కా, నన్ను క్షమించు. మీ అందరినీ మోసం చేశాను" అన్నాను. ఆవిడ ఒక బిస్కెట్టు తుంచి నోట్లో వేసుకుంది. "నన్నేం మోసం జేసినవ్? గది ఎర్తింగ్ అని నాకు రెండో దినమే ఎర్కయింది. మా ఫ్యాక్టరీల మెయిన్ పక్కన గిసుంటివి మూడున్నయ్. గాడ ఉండే ఎలక్ట్రిషన్‌ను అడిగిన, పడి పడి నవ్విండు." నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "మరి ఎందుకు చెప్పలేదక్కా?"

"ఏమని జెప్పాలె? మొదటి దినం నీ ఎనక నిలబడి ఇన్న గద. నువ్వు మంత్రాలు సదువుతున్నవనుకున్న. ఇంటే, ఉత్తరం రాలేదని గొట్టానికి జెప్తున్నవ్. పోరి గిట్లనే ఉంటే ఖరాబైతదని గుబులైంది. ఎర్తింగ్ అని జెప్తే మావోళ్లు ఒక్కరన్న నీ వాకిట్లకొస్తుండెనా? నువ్వన్న తలుపు తీస్తుంటివా? అమ్మ అంటే వొస్తరు. అందుకే నోర్మూసుకున్న" అంది. పొట్లం నావైపు జరిపి, "మరి మొన్న నువ్వు నోరు దెరిస్తివి. మస్తు ధైర్యమే నీకు. జర కోపానున్నరు గని, మంగళారం వొస్తరు తియ్యి. అవ్వ ఇంటింటికి తిరిగి, గా సారు బూట్లిడిసిండు గద, అమ్మ కాకుంటే ఎందుకిడుస్తడు అని జెప్తున్నది" అని నవ్వింది. నేను ఏడుస్తూ ఆ విరిగిన బిస్కెట్లన్నీ తినేశాను. ఆవిడకు మిగల్చలేదని పొట్లం ఖాళీ అయ్యాక చూసుకున్నాను.

మంగళవారం అయిదుగురే వచ్చారు. ఆ అయిదుగురే చాలు, నాకు. ఆ వారంలోనే కరెంటూ వచ్చింది. మా ఆయన క్యాంపు నుంచి వచ్చి ఫ్యాను వేసి, "ఎలా ఉంది?" అని గర్వంగా అడిగారు. "మంచిగుంది" అన్నాను. ఆయన ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశారు.

రెండేళ్ల తరువాత నేను కాన్పుకు పుట్టింటికి వెళ్లాను. అప్పుడే ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీ మూతపడింది. నేను బిడ్డతో తిరిగి వచ్చేసరికి అక్క ఇంటికి తాళం ఉంది. నాగారం వైపు పోయారని ఒకరు, కాదు సొంతూరికే పోయారని ఒకరు అన్నారు. ఇన్నేళ్లలో ఎంత వెతికినా జాడ తెలియలేదు. ఇప్పుడు హబ్సిగూడలో అపార్టుమెంటులో కూర్చుని ఇది రాస్తుంటే, ఆ పందొమ్మిదేళ్ల పిల్ల మీద నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. గొట్టానికి కూడా తన గోడు చెప్పుకున్న మనిషి, రెండేళ్లు పక్కన కూర్చున్న ఆవిడను "అక్కా, నీ పేరేమిటి?" అని ఒక్కసారి అడగలేదు. అక్కా అంటే సరిపోయిందనుకుంది.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరుకుంటున్నాను. సాయంత్రం మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, లేకపోతే ఊరికే లైటు వేసేటప్పుడైనా సరే, మా బిస్కెట్ల అక్కను ఒక్కసారి తలచుకోండి. పేరు చెప్పలేదేమని ఆగకండి. పైవాడికి నాచారం బిస్కెట్ల అక్క అంటే తెలుస్తుంది. ఆవిడను నా దగ్గరికి పంపినవాడు ఆయనే కదా.